చూడకుండా లేపిన చెయ్యి

విమానం ఆకాశంలో ఉన్నప్పుడు దాన్ని చూసి భయపడేవాళ్లు చాలామంది. నేల మీద నడుస్తున్నప్పుడు భయపడేవాళ్లు తక్కువ. చక్రాల మీద మెల్లగా పోతోంది కదా, బస్సులాంటిదే అనుకుంటారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఆ మెల్లగా పోయే విమానం ముందే నిలబడ్డాను. నిలిపిన చోటు నుంచి దాన్ని బయటికి నడిపించడం, దిగి వచ్చిన దాన్ని మళ్లీ నిలిపే చోటికి తేవడం నా పని. మాట వినబడదు కాబట్టి అంతా చేతి సైగలతోనే.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సైగలన్నీ పుస్తకంలో చదువుకునే వస్తారు. నాకంటే అందంగా చేసి చూపిస్తారు. ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తుంది, ఏ పరీక్ష రాయాలి అని అడుగుతారు. వాటి గురించి నేను చెప్పగలిగింది తక్కువ. చెప్పగలిగింది ఒకటుంది. అది ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

బాన్సువాడ దగ్గర ఒక మట్టి రన్‌వే మీద నేను చేసిన సైగకు రూప్లా అనే మనిషి కుడిచేయి పోయింది. అదే రోజు, అతను తాగి ఉన్నాడని కంపెనీ కాగితం మీద రాసి సంతకాలు పెట్టారు. రాసింది నేనే. చెయ్యి పోవడం కంటే ఆ మాటే అతన్ని ఎక్కువ బాధపెట్టిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పడావు భూమిలో నౌకరీ

అరవై తొమ్మిదిలో ఉద్యమం వల్ల కాలేజీలు మూతబడ్డాయి. నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్న నేను బాన్సువాడకు తిరిగొచ్చాను. ఊరికే కూర్చోలేక ఒక దినపత్రికకు వార్తలు రాయడం మొదలుపెట్టాను. వార్త కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, మధ్యాహ్నం బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ని. పత్రిక ఆఫీసులో నా వార్తలు దిద్దే పెద్దాయన ఒకరుండేవారు. నెలకొకసారి పోస్టుకార్డు రాసేవారు. "ఇందులో నువ్వు చూసిందెంత, విన్నదెంత, అనుకున్నదెంత? మూడూ ఒకే కుండలో వండి పంపకు." ఆయన్ను నేను ఎన్నడూ కలవలేదు. నా పై అధికారుల్లో అందరికంటే మంచివాడు ఆయనే అని ఇప్పటికీ అనుకుంటాను.

డెబ్బైల మొదట్లో మా వైపు చెరకుకు పురుగు తగిలింది. ఆకులు జిగటపట్టి నల్లబడిపోయాయి. విమానంతో మందు చల్లడానికి ఒక ప్రైవేటు కంపెనీ వచ్చింది. బీర్కూర్ దారిలో సాగు లేక పడావుగా ఉన్న భూమిని చదును చేసి, రెండు పక్కలా సున్నం గీసి రన్‌వే అన్నారు. ఆ భూమి సుబ్బారావు గారిది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి, చెరకు పండించుకుంటూ స్థిరపడ్డ రైతు. గాలిమోటరు చూడటానికి చుట్టుపక్కల జనమంతా బండ్లు కట్టుకొని వచ్చారు. నేను వార్త కోసం పోయాను.

కంపెనీ మేనేజర్ బొంబాయి మనిషి. పైలట్ కెప్టెన్ సోధీ పంజాబీ. నీళ్లు మోసేవాళ్లు, మందు కలిపేవాళ్లు తండాలవాళ్లు. ఇంట్లో తమ భాష, బయట తెలుగు. మందు డ్రమ్ములు తెచ్చే లారీవాళ్లు మరాఠీ మాట్లాడేవాళ్లు. ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థం కాక అంతా అరుపులే. నేను ఇంగ్లీషు, హిందీ, తెలుగు, మరాఠీల్లో నలుగురికీ చెప్పడం చూసి మేనేజర్, "నౌకరీ చేస్తావా?" అన్నాడు. వార్త రాయకుండానే నౌకరీలో చేరిపోయాను.

రూప్లాను ఆ రోజే చూశాను. నా వయసువాడే, పొట్టిగా గట్టిగా ఉండేవాడు. జుక్కల్ దారిలోని తండా. మద్నూర్ మీదుగా పోయే లారీలకు ఆరేళ్లు క్లీనర్‌గా చేసి, పెళ్లయ్యాక ఊరికి చేరాడు. ఇక్కడ అతని పని గొట్టంతో విమానం ట్యాంకులోకి మందు ఎక్కించడం, విమానం కదలకుండా చక్రాల కింద కట్టె దిమ్మెలు పెట్టడం, తీయడం. అతని భార్య సక్రి కుండతో నీళ్లు మోసి డ్రమ్ముల్లో పోసేది. నేను పేపరుకు రాసేవాణ్నని తెలిసి అతను నన్ను పేపరన్నా అని పిలిచేవాడు. అందరూ అదే అలవాటు చేసుకున్నారు.

"పేపరన్నా, లారీకి హారనన్న ఉంటది. దీనికి గది గూడ లేదు. మనుషులు ఎట్ల జరుగుతరే?"

"నేను జరుపుత."

"నువ్వా! మొన్న బస్టాండ్ల బర్రె అడ్డమొస్తె నువ్వే జరిగినవ్, అది జరగలే."

ముక్కు వెనక కూర్చున్న మనిషి

మందు చల్లే ఆ విమానానికి పెద్ద చక్రాలు రెండూ ముందు, చిన్న చక్రం తోక కింద ఉండేవి. నేల మీద ఉన్నప్పుడు తోక దిగి ముక్కు పైకి లేచి ఉంటుంది. మొదటిరోజు సోధీ నన్ను ఎక్కించి తన సీట్లో కూర్చోబెట్టాడు.

"ఏం కనబడుతోంది?" అని హిందీలో అడిగాడు.

"ఆకాశం."

"నాకూ అంతే. నేల మీద ఏముందో నువ్వు చూడాలి. నీ కళ్లే నావి."

దిగాక నన్ను ముక్కు దగ్గరికి తీసుకుపోయి, ఆగి ఉన్న పంకా రెక్కను పట్టుకొని చూపించాడు. ఇంజన్ తిరగడం మొదలయ్యాక ఈ రెక్క కంటికి కనబడదు, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది, చంపేది ఆ ఖాళీయే అన్నాడు. చక్రాలు ఆ ఖాళీకి జానెడు వెనకే ఉంటాయి.

విమానంలో రేడియో లేదు. ఉన్నా ఆ మోతలో కింద ఉన్నవాడికి పనికిరాదు. అందుకని సోధీ ఒక వరస పెట్టాడు. ఇంజన్ మొదలయ్యాక రూప్లా దిమ్మెలు రెండూ తీసి, విమానం రెక్క చివర దాకా పక్కకు నడిచి, చుట్టూ తిరిగి నాకు ఎడమ పక్కన ఇరవై అడుగుల దూరంలో నిలబడాలి. రెండు దిమ్మెలూ తల మీదికి ఎత్తి చూపించాలి. నేను దిమ్మెలు చూసి, మనిషిని చూసి, చుట్టూ చూసి, అప్పుడు చెయ్యి లేపాలి. నా చెయ్యి లేస్తే సోధీ బ్రేకు వదులుతాడు.

"మనిషి కనబడకపోతే చెయ్యి లేపకు. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను, నాకేం తొందర లేదు" అన్నాడు సోధీ.

మొదటి సీజనంతా అలాగే నడిచింది. రోజుకు ఎన్నిసార్లు లేచేదో, ఎన్నిసార్లు దిగేదో. ఎవరికీ గోరు కూడా ఊడలేదు. పని బాగా వచ్చేసిందని నాకు ధీమా వచ్చింది. ఈ పనిలో మనిషికి అన్నిటికంటే చెడు చేసేది ఆ రెండో ఏడాది ధీమాయే. మొదటి ఏడాది భయం కాపాడుతుంది. పదేళ్ల తర్వాత అలవాటు కాపాడుతుంది. మధ్యలో ఏదీ ఉండదు.

నిమ్మకాయలు

రెండో సీజను మొదటి రోజు సుబ్బారావు గారు పూజ పెట్టించారు. కిందటేడు పంట దక్కింది, అందుకని. పళ్లెంలో కొబ్బరికాయ, కుంకుమ, రెండు నిమ్మకాయలు. బాన్సువాడ నుంచి స్టూడియో ఫోటోగ్రాఫర్‌ను కూడా పిలిపించారు. మేనేజర్ కొత్త చొక్కా వేసుకున్నాడు. నాకు కంపెనీ వాళ్లు తెల్ల టోపీ ఇచ్చారు. దాన్ని నాలుగుసార్లు సర్దుకున్నాను.

పొద్దెక్కితే గాలి లేస్తుంది, మందు చెరకు మీద పడదు. సోధీ తొందరపడుతున్నాడు. కొబ్బరికాయ కొట్టారు, విమానానికి కుంకుమ బొట్లు పెట్టారు. అంతలోనే ఆయన ఎక్కి కూర్చున్నాడు. పళ్లెంలో నిమ్మకాయలు అలాగే మిగిలిపోయాయి.

"అయ్యో, నిమ్మకాయలు పెట్టలేదండీ! మొదటిరోజు తొక్కించకుండా ఎలా కదిలిస్తారు?" అన్నారు సుబ్బారావు గారు.

"గియ్యి ఇటియ్యి పటేలా, ఫికర్ చెయ్యకు. దిమ్మెలు తీసినంక నేను పెడ్త" అన్నాడు రూప్లా. నిమ్మకాయలు రెండూ నడుముకు చుట్టిన రుమాల్లో దోపుకున్నాడు.

ఆ మాట నేను విన్నాను. అక్కడే ఆపి ఉండాల్సింది. లారీల దగ్గర పద్ధతి వేరు. ఇంజన్ మొదలయ్యాక క్లీనర్ ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెడతాడు, పక్కకు దూకుతాడు, డబ్బా మీద చేత్తో కొడతాడు, డ్రైవర్ తొక్కించుకుంటూ పోతాడు. రూప్లా ఆరేళ్లు చేసిన పని అది. లారీ టైరు ముందు ఏమీ తిరగదు. ఈ టైరు ముందు ఏం తిరుగుతుందో అతనికి తెలుసు, కానీ చేతికి తెలిసింది లారీయే. నేను మాత్రం, పూజ సుబ్బారావు గారిది, మధ్యలో నేనెవర్ని అనుకున్నాను.

ఇంజన్ మొదలైంది. రూప్లా దిమ్మెలు తీశాడు, రెక్క చుట్టూ తిరిగి వచ్చాడు, తన చోట నిలబడి రెండు దిమ్మెలూ ఎత్తి చూపించాడు. నేను చూశాను. ఇంతవరకు నేను కళ్లారా చూసింది.

అప్పుడు ఫోటోగ్రాఫర్ నా కుడి పక్కకు ఉరికొచ్చి రెండు చేతులూ ఊపాడు. తిరగమంటున్నాడని తెలుస్తూనే ఉంది. తిరిగాను. టోపీ సర్దుకున్నాను. నాలుగు ఊపిరులు తీసేంత సేపు కెమెరాలోకి చూస్తూ నిలబడ్డాను.

మళ్లీ విమానం వైపు తిరిగేసరికి రూప్లా నిలబడే చోట దిమ్మెలు నేల మీద ఉన్నాయి. దిమ్మెలు కనబడ్డాయి కాబట్టి మనిషీ అక్కడే ఎక్కడో ఉన్నాడనుకున్నాను. చక్రాల వైపు చూడలేదు. అద్దం వెనక సోధీ నన్నే చూస్తున్నాడు. చెయ్యి లేపాను.

విమానం ఒక్క గజం కదిలింది. చక్రం కిందికి వంగి నిమ్మకాయ పెడుతున్న రూప్లా, టైరు మీదికి వస్తుంటే తూలి, పంకా తిరిగే ఖాళీలోకి చెయ్యి చాపాడు. ఒక చప్పుడయింది. కట్టె విరిగినట్టు కాదు, ఇంకోలా కాదు, దేనితోనూ పోల్చలేను. సోధీ ఇంజన్ ఆపేశాడు. కుండ కింద పడేసి సక్రి ఉరికొచ్చింది. తన భాషలో ఏదో ఒకే మాట అంటూ ఉంది. దాని అర్థం నేను ఎవరినీ అడగలేదు.

జీపులో దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి నుంచి నిజామాబాద్. మనిషి బతికాడు. కుడిచేయి మోచేతి కింద నుంచి లేదు.

జీపు పోయాక సోధీ చక్రం పక్కన నేల మీద కూర్చొని నన్ను అడిగాడు: "నువ్వు అతన్ని చూశావా?"

"చూశాను సాబ్. దిమ్మెలు ఎత్తాడు" అన్నాను.

అబద్ధం కాదు. ఆయన అడిగినదానికి జవాబు కూడా కాదు.

నా అక్షరాల్లో

మధ్యాహ్నం సుబ్బారావు గారి పంపు గదిలో మేనేజర్ కాగితాలు ముందేసుకున్నాడు. నా చేతిరాత బాగుంటుంది, ఇంగ్లీషు వాక్యం తప్పుపోదు. అందుకని నన్నే కూర్చోబెట్టాడు. పైలట్ తప్పులేదు, సైగ చేసినవాడి తప్పులేదు, కూలీ తనంతట తానే లోపలికి పోయాడు. అక్కడిదాకా రాశాను.

"కూలీ తాగి ఉన్నాడు. అది కూడా రాయి" అన్నాడు మేనేజర్.

"నాకు వాసన రాలేదు సార్."

"తండా మనిషి. పూజ రోజు. తాగకుండా ఉంటాడా?"

"నేను చూడలేదు సార్."

మేనేజర్ కోపగించలేదు. చాలా మెల్లగా అన్నాడు: "అయితే చూసిందే రాద్దాం. చెయ్యి లేపినప్పుడు అతను ఎక్కడున్నాడో నువ్వు చూశావా? అది రాయమంటావా?"

నేను రాయలేకపోయాను. పోస్టుకార్డు రాసే పెద్దాయన కళ్ల ముందుకు రాలేదు, ఎవరూ రాలేదు. నౌకరీ ఒక్కటే వచ్చింది. మా ఇంట్లో మొదటి నెలజీతం నాది. మేనేజర్ చెప్పిన వాక్యం రాశాను. సాక్షిగా సుబ్బారావు గారిని పిలిచారు.

"నిజంగా తాగాడంటారా?" అని ఆయన నన్నే అడిగారు.

నేను తల దించుకున్నాను. "మీరే రాశారు కదా, సరేలెండి" అని ఆయన సంతకం పెట్టారు. చదువుకున్నవాడు రాసిందని నమ్మారాయన. ఆయన్ను తప్పుపట్టలేను. ఆ ఏడాది తర్వాత భూమి మాత్రం కంపెనీకి ఇవ్వలేదు.

ఆ ఒక్క వాక్యంతో కంపెనీ చేతులు దులుపుకుంది. వాక్యం అక్కడితో ఆగలేదు. మద్నూర్ దాబాల దగ్గర లారీవాళ్లకు, బీర్కూర్ బస్సులో జనానికి, చివరికి తండాకు చేరింది. తాగి పంకా కిందికి పోయినోడు. అది విన్న లారీ యజమాని ఎవరూ కాపలా పనికి కూడా అతన్ని పెట్టుకోలేదు. సక్రి ఒక్కతే నాట్లకు, కోతలకు పోయేదని విన్నాను. విన్నాను అంటున్నాను, ఎందుకంటే నేను పోయి చూడలేదు.

రెండేళ్లకు మేనేజర్ సిఫార్సుతోనే నగరంలోని విమానాశ్రయంలో ఉద్యోగం దొరికింది. నమ్మకస్తుడు అని ఉత్తరంలో రాశాడట.

కనబడని మనిషి

అక్కడ విమానాలు పెద్దవి, జీతం పెద్దది, సైగలు అవే. నా గురించి రెండు మాటలు ప్రచారంలో ఉండేవి. ఒకటి, వీడు ఫోటోకు నిలబడడు. రెండు, వీడు ఊరికే విమానం ఆపుతాడు. రెండూ నిజమే.

ఒక వానకాలం పొద్దున నిండా ప్రయాణికులతో ఉన్న విమానం బయల్దేరుతోంది. సామాన్లు ఎక్కించినవాళ్లు అయిదుగురు. చెయ్యి లేపేముందు లెక్కపెడితే నలుగురే ఉన్నారు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి ఆపేశాను. పైలట్ కిటికీ తెరిచి అరిచాడు. రేడియోలో టవర్ వాళ్లు ఆలస్యమెందుకని అతన్ని అడిగారు. డ్యూటీ ఆఫీసర్ వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయింది?"

"ఒక మనిషి కనబడ్తలేడు సార్."

వెతికారు. అయిదోవాడు క్యాంటీన్లో చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. డ్యూటీ ఆఫీసర్ అందరి ముందూ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మెమో ఇచ్చాడు. చాయ్ తాగినవాడు సాయంత్రం దగ్గరికొచ్చి, "నాకోసం గాలిమోటరే ఆపినవా అన్నా! మా ఇంటామె బువ్వ తినేదాక గూడ ఆగదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కొత్తగా చేరేవాళ్లకు నా సలహా ఇదే. ఆపినందుకు తిట్టే ఆఫీసర్లు ఉంటారు. వాళ్లు మారరు. తిట్లు తినండి.

అట్లనే సార్

తర్వాత మా చేతికి రేడియోలు వచ్చాయి. ఇక ప్రమాదాలే ఉండవన్నారు. విమానాన్ని వెనక్కి నెట్టే ట్రాక్టరు డ్రైవర్ యాదగిరి అని ఒకాయన ఉండేవాడు. చాలా మంచివాడు, పెద్దవాళ్లంటే గౌరవం. టవర్ ఏం చెప్పినా "అట్లనే సార్" అనేవాడు. ఒకరోజు రెండో దారి ఖాళీ అయ్యేదాకా ఆగమని చెప్పారు. అట్లనే సార్ అని నెట్టుకుంటూ పోయాడు. రెండు విమానాల రెక్కల మధ్య మూరెడు ఖాళీ ఉందనగా నేను అడ్డం ఉరికి ఆపాను.

"ఏం చెప్పిండ్రు నీకు?" అని అడిగాను.

"ఏమో అన్నా, సగమే ఇనొచ్చింది. పెద్దసారుని మళ్ల చెప్పమని ఎట్ల అడగాలె?"

మన దగ్గర ప్రమాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. అర్థం కాలేదని చెప్పడం అగౌరవం అనుకుంటాం. పెద్దవాడి పనికి అడ్డుపడటం తప్పనుకుంటాం. సుబ్బారావు గారి నిమ్మకాయలను నేను ఆపనిది కూడా అందుకే. సరే అన్న మాటను ఒప్పుకోకండి. చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పించుకోండి. మీ పై ఆఫీసరైనా సరే.

తండాలో ఒక మధ్యాహ్నం

ఎనభైల నడుమ, సెలవు మీద బాన్సువాడ వచ్చినప్పుడు, జుక్కల్ బస్సెక్కి ఆ తండా దగ్గర దిగాను. ఎందుకు ఆ రోజే పోయానంటే చెప్పలేను. పదేళ్లకు పైగా ప్రతి సెలవుకూ పోవాలనుకొని పోకుండా తిరిగొచ్చాను.

రూప్లా ఇంటి ముందు కూర్చొని, కాలి బొటనవేలికి తాడు చుట్టి, ఎడమచేత్తో పేనుతున్నాడు. తల ఎత్తి చాలాసేపు చూశాడు.

"పేపరన్ననా? ఏందే, గింత ముసలోనివైనవ్."

సక్రి చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఇన్నొద్దులకు యాదికొచ్చినమా అన్నా?" అంది. నేను నీళ్లు తాగాను.

ఏం మాట్లాడాలో బస్సులో అనుకున్నదంతా మరిచిపోయాను. "రూప్లా, ఆ పొద్దు చెయ్యి లేపినప్పుడు నేను నిన్ను చూడలేదు" అన్నాను.

"ఎరుకే."

"ఎట్ల?"

"దిమ్మెలు కింద పెట్టిన. రుమాల్లకెళ్లి నిమ్మకాయలు తీసి నీకు చూపెట్టిన, జర ఆగమని. నువ్వు ఫోటో దిక్కు మర్రి ఉన్నవ్. నన్ను సూస్తలేవని ఎరుకే." తాడు ఒక చుట్టు బిగించాడు. "అయినా పోయిన. నన్ను సూడకుంట పేపరన్న చెయ్యి లేపడు గద అనుకున్న."

పని మొత్తం ఆ మాటలో ఉంది. ఇన్నేళ్లలో నాకు ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. చెప్పినవాడు నిందిస్తున్నట్టు కూడా చెప్పలేదు.

"నన్నేం చెయ్యమంటవో చెప్పు" అన్నాను.

"చెయ్యి మొలిపిస్తవా?" అని నవ్వాడు. సక్రి నవ్వలేదు. ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"అన్నా, పెద్దబిడ్డ జరంతోని సచ్చిపోతదనంగ ఈయన భవానికి మొక్కిండు. బిడ్డ బతికితే మందు ముట్టనని. బతికింది. అప్పటిసంది ముట్టలే. గా పూజకు రెండేండ్ల ముందటి మాట. మీ కాగితం జేసి తండా మొత్తం మొక్కు తప్పినోడన్నరు. అమ్మే చెయ్యి తీస్కపోయిందన్నరు. అప్పటిసంది నాయక్ ఈయనను పూజల ముట్టనిస్తలేడు. బిడ్డ పెండ్లిల గూడ ఆమడ నిలవడ్డడు."

నేను రూప్లా వైపు చూడలేకపోయాను.

"నాయక్ ఇంటికి పోదాం పా. గీ మాట ఆయన ముంగట చెప్పు. నాకింకేం వద్దు" అన్నాడు రూప్లా. లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

నాయక్ అంటే తండా పెద్ద. డెబ్బై దాటినవాడు, మంచం మీద పడుకొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి కూర్చున్నాడు. రూప్లా వాకిట్లోనే నిలబడ్డాడు. సక్రి గడప దగ్గర. ఇరుగుపొరుగు నలుగురు చేరారు.

"నేను గాలిమోటరు కాడ నౌకరీ చేసినోణ్ని. రూప్లా తాగిండని కాగితం రాసింది నేనే. అది అబద్ధం. ఆ పొద్దు రూప్లా తాగలేదు. నేను చూడకుండ చెయ్యి లేపిన. తప్పు నాది" అన్నాను.

నాయక్ నా బూట్ల నుంచి తల దాకా చూశాడు.

"మరి గప్పుడెందుకు గట్ల రాసినవ్?"

"భయపడి."

"ఎవలకు?"

"నౌకరి పోతదని."

నాయక్ వాకిట్లోకి చూశాడు. ఎండలో నిలబడ్డ రూప్లాను, మోచేతి దగ్గర ముడివేసిన అతని చొక్కా చేతిని చాలాసేపు చూశాడు. తర్వాత, "లోపటికి రారా రూప్లా" అన్నాడు. రూప్లా గడప దాటి లోపలికి వచ్చాడు. సక్రి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాయక్ మళ్లీ నా వైపు తిరిగాడు.

"ఉన్నదా నౌకరి?"

"ఉన్నది."

"మంచిగ చేస్కో" అన్నాడు.